సిరి పిల్లల కోసం ఎదురుచూస్తున్న వారికి

మా దగ్గర లాబ్రడార్ పిల్లల కోసం పేర్లు నమోదు చేసుకుని, అడ్వాన్సు కట్టి ఓపికగా ఎదురుచూస్తున్న మీ అందరికీ నమస్కారం. మా కుక్క సిరి పిల్లలు పెట్టిందని మాత్రమే ఇంతవరకు మీకు తెలియజేశాను. ఆ కాన్పులో సిరి దక్కలేదన్న సంగతి ఆరు వారాలుగా చెప్పలేకపోయాను. పిల్లలు బతికి బట్టకడతాయో లేదో తేలకుండా ఏమని రాయాలో తోచకపోవడం ఒక కారణమైతే, రాయడానికి చేయి రాకపోవడం మరొక కారణం. అయినా మీరు డబ్బు కట్టి ఎదురుచూస్తున్నప్పుడు ఇంత పెద్ద విషయాన్ని నా దగ్గరే ఉంచుకోవడం తప్పు. అందుకు క్షమించమని కోరుతున్నాను.

మొదటి పిల్ల అడ్డం తిరిగి కాన్పు ఆగిపోవడంతో డాక్టరు గారు ఆపరేషన్ చేసి ఏడు పిల్లలను బయటికి తీశారు. సిరి మత్తు నుంచి తేరుకోకుండానే, ఒక్క పిల్లకైనా పాలివ్వకుండానే కన్నుమూసింది. ఏడింటిలో ఇప్పుడు ఆరు ఉన్నాయి. ఏడవది పోయింది నా పొరపాటు వల్ల. నాలుగో రాత్రి పాలపీక రంధ్రం పెద్దదైన సంగతి నిద్రమత్తులో గమనించకుండా దానికి పాలు పట్టాను. పాలు ముక్కులోంచి బయటికి వచ్చాయి, కొన్ని ఊపిరితిత్తుల్లోకి దిగాయి. చికిత్స చేయించినా రెండు రోజులకు మించి నిలవలేదు. చేతితో పెంచిన పిల్లలను మీకు ఇవ్వబోతున్నాను కనుక ఆ పెంపకంలో నేను చేసిన ఈ తప్పు కూడా మీకు తెలియాలి.

మిగిలిన ఆరింటినీ ఎలా పెంచామో కొంత చెబుతాను. అప్పుడే పుట్టిన పిల్ల తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు. అందుకే మొదటి వారం వాటి పెట్టెలో 30 డిగ్రీల సెల్సియస్ వేడి తగ్గకుండా చూసి, ఆ తర్వాత మెల్లమెల్లగా తగ్గిస్తూ వచ్చాము. ఒళ్లు చల్లబడిన పిల్లకు పాలు పడితే అరగవు. ముందు దానిని వెచ్చబరచి, ఆ తర్వాతే పట్టాలి. ఆవు పాలలో తల్లికుక్క పాలలో ఉన్నంత మాంసకృత్తులు గానీ కొవ్వు గానీ ఉండవు కనుక కుక్కపిల్లల కోసమే తయారుచేసే పాలపొడి వాడాము. రెండు మూడు గంటలకొకసారి, పగలనక రాత్రనక, ఒక్కొక్కదానినీ మడత పెట్టిన తువ్వాలు మీద బోర్లా పడుకోబెట్టి పట్టాము. పసిబిడ్డకు పట్టినట్టు వెల్లకిలా పట్టకూడదు. తాగడం అయ్యాక గోరువెచ్చని నీటిలో తడిపిన దూదితో పొట్ట కింద, తోక కింద మెల్లగా నిమిరితేనే అవి మూత్రానికి, విరేచనానికి పోయేవి. తల్లి తన నాలుకతో చేసే ఆ పనిని దాదాపు మూడు వారాలు మేము చేశాము. రోజూ గ్రాముల్లో తూచి బరువులు రాసిన పుస్తకం నా దగ్గర ఉంది. అయిదు పిల్లలు పది రోజులకు పుట్టిన బరువుకు రెట్టింపయ్యాయి, నల్ల పిల్లల్లో ఒకదానికి మాత్రం పద్నాలుగు రోజులు పట్టింది. మీకు వచ్చే పిల్ల పేజీని మీరే చదువుకోవచ్చు.

ఈ పిల్లలకు ముర్రుపాలు అందలేదు. రోగాలను ఎదిరించడానికి వాటిలో ఉండే యాంటీబాడీలను పిల్ల పేగు రక్తంలోకి తీసుకోగలిగేది పుట్టిన మొదటి రోజు మాత్రమే, ఆ రోజు మాకు చేజారిపోయింది. ఇన్నాళ్లూ చూడటానికి ఎవరినీ రానివ్వకపోవడానికి కారణం ఇదే. ఈ వారం మొదటి టీకా వేయించాము. మిగిలినవి డాక్టరు గారు చెప్పిన గడువుల ప్రకారం 16 వారాల వయసు వచ్చేవరకు సాగుతాయి. నులిపురుగులు కడుపులో ఉండగానే తల్లి నుంచి పిల్లకు సోకుతాయి కనుక, తల్లి పాలు తాగకపోయినా రెండో వారం నుంచే మందు వేస్తున్నాము.

ఆరోగ్యం కంటే నన్ను ఎక్కువగా ఆలోచనలో పెడుతున్నది వీటి నడవడి. విషయం తెలిసిన ఇద్దరు ముగ్గురు, తల్లిలేని పిల్ల మనుషులకు బాగా చేరువవుతుంది కదా, తమకు అలాంటిదే కావాలని అన్నారు. చేరువవుతుందన్నది నిజమే. నా అడుగుల చప్పుడు వింటే చాలు, ఆరూ ఒకదాని మీద ఒకటి పడుతూ వచ్చి నా చేతులనే వెతుక్కుంటాయి. కానీ సాటి కుక్క చెప్పే మాట వీటికి తెలియదు. పోయిన వారం మా పెద్ద కుక్క మంగ అన్నం తింటుండగా లేత పసుపు పిల్ల ఒకటి తిన్నగా వెళ్లి గిన్నెలో మూతి పెట్టింది. మంగ తినడం ఆపి, కదలకుండా నిలబడి, గొంతులోనే సన్నగా గుర్రుమంది. తల్లి దగ్గర పెరిగిన పిల్ల అయితే అక్కడే వెనక్కి తగ్గేది. ఇది తోక ఊపుతూ ఇంకా ముందుకు జరిగింది. మంగ మూతితో ఒక్కసారి అదిమి వదిలేసేసరికి కుయ్యోమని నా కాళ్ల దగ్గరికి పరుగెత్తింది. దానిని ఎత్తుకుని ఓదార్చాలని నాకు ఎంత అనిపించిందో చెప్పలేను, అయినా ఎత్తుకోలేదు. కాసేపటికి అదే మళ్లీ మంగ వైపు వెళ్లి, ఈసారి నాలుగడుగుల దూరంలో కూర్చుంది.

ఇలాంటి పాఠాలు వీటికి ఇంకా చాలా కావాలి. కొరికేటప్పుడు పంటి బిగువు ఎంతవరకో తోబుట్టువులు ఒకదానికొకటి నేర్పుకుంటున్నాయి; ఒంటరిగా పెరిగిన పిల్లకు ఆ భాగ్యం కూడా ఉండదు. అయితే పాలు మాన్పించే రోజుల్లో తల్లి పిల్లలను విదిలించుకుని లేచిపోతుంది చూడండి, కోరింది వెంటనే దొరకదని పిల్లకు మొదట తెలిసేది అక్కడే. అవి అడిగినప్పుడల్లా పాలు పట్టి మేము ఆ ఓర్పు నేర్పలేకపోయాము. ఇప్పుడు గిన్నె కింద పెట్టే ముందు అవి కూర్చునేదాకా ఆగుతున్నాము.

అందువల్ల ఎనిమిదో వారంలో ఇస్తానన్న మాట తప్పుతున్నాను. పదో వారం నిండాకే ఇస్తాను. ఇంకా ఆలస్యం చేయడం కూడా మంచిది కాదు. కుక్కపిల్ల కొత్త మనుషులను, చప్పుళ్లను, చోట్లను బెరుకు లేకుండా స్వీకరించే కాలం మూడో వారం నుంచి సుమారు పన్నెండో వారం వరకే ఉంటుంది, అందులో చివరి రోజులు మీ ఇంట్లో గడవాలి. మనసు మార్చుకున్నవారికి అడ్వాన్సు మొత్తం తిరిగి ఇస్తాను, కారణం అడగను. దయచేసి జాలితో మాత్రం తీసుకోవద్దు. పగలంతా తాళం వేసి ఉండే ఇంటికి, నడక నేర్చుకుంటున్న పసిబిడ్డ ఉన్న ఇంటికి ఈ కాన్పు పిల్లలను ఇవ్వలేను. తీసుకున్నాక ఎప్పుడు ఇబ్బంది అనిపించినా, పిల్ల ఎంత పెద్దదైనా, నా దగ్గరికి తిరిగి పంపవచ్చు.

పదో వారం లోపు ఇక్కడికి ఒకసారి వచ్చి, చేతులు కడుక్కుని, ఒక గంట వాటి మధ్య కూర్చోండి. మీ పాత బట్ట ఒకటి ఇచ్చి వెళితే వాటి పెట్టెలో పరుస్తాను. ఆరింటిలో అన్నిటికంటే చిన్నదైన నల్ల పిల్ల నిద్రపోయే ముందు నీలి తువ్వాలును ముందు కాళ్లతో పిసుకుతూ, అంచు నోట్లో పెట్టుకుని చీకుతుంది. దానిని తీసుకునేవారికి ఆ తువ్వాలును ఉతక్కుండా అలాగే ఇచ్చి పంపుతాను.