ఆదివారం గోడ పని: అందరూ చదవండి

అందరికీ నమస్కారం.

ఈ ఆదివారం కమ్యూనిటీ హాలు పక్క గోడ మీద బొమ్మ వేస్తున్నాం, ఉదయం 6:30కి అక్కడే కలుద్దాం. ఎండ ఎక్కితే అక్రిలిక్ రంగు బ్రష్ మీదే ఆరిపోతుంది. అందుకే ఇంత పొద్దున్నే, తిట్టుకోకండి.

బొమ్మ గీసేది మన గ్రూపులోని మ్యూరల్ (గోడ బొమ్మల) ఆర్టిస్ట్ మేడమ్. సైన్‌బోర్డులు రాయడంతో మొదలుపెట్టి, ఇప్పుడు గోడలే ఆవిడ బతుకుతెరువు. మనకు మాత్రం ఉచితంగా చేస్తున్నారు. ఒకటే షరతు: రంగు మనమే వేయాలి. అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో జూడీ బాకా అనే మ్యూరల్ ఆర్టిస్ట్ 1976 నుంచి వరద కాలువ గోడ మీద ఇలాగే 400 మందికి పైగా కుర్రకారుతో దాదాపు అర మైలు పొడవున బొమ్మలు వేయించారు. మనది 30 అడుగులే, కంగారు పడకండి.

శనివారం ఉదయం గోడ గీకడానికి నలుగురు కావాలి. కింది భాగంలో తెల్లగా ఉప్పు పొడిలా పేరుకుంది చూశారా, అది లోపలి తేమ తెచ్చిన ఉప్పే. గీకి, ఆరబెట్టి, ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) వేయకపోతే రంగు పెచ్చులూడుతుంది. అసలు పని ఇదే, ఫొటోలో కనిపించదు గానీ.

ఆదివారానికి గోడ మీద గళ్లు, గడికో రంగు నంబరు ఉంటాయి. నంబరు చూసి నింపడమే, బొమ్మలు రాకపోయినా పర్వాలేదు. పాత బట్టలు, టోపీ, నీళ్ల సీసా తెచ్చుకోండి. బ్రష్షులు ఉన్నాయి. పిల్లలు కింది వరుసలకే, నిచ్చెన పెద్దవాళ్లకు.

బ్రష్షులు కడిగిన నీళ్లు కాలువలో పోయకండి, బకెట్ పెడతాం.

గురువారం రాత్రిలోగా పేరు రాయండి. బొటనవేలు బొమ్మ పెడితే లెక్కలోకి రాదు. పోయినసారి 22 బొటనవేళ్లు, వచ్చింది తొమ్మిది మంది!