మానస సరోవర యాత్రకు వైద్య పరీక్షలు ఉండవా?

సంపాదకులకు నమస్కారం.

కైలాస మానస సరోవరం వెళ్లొచ్చిన మన ఊరివాళ్లకు పూలదండలు వేసి స్వాగతం చెప్పిన ఫొటో పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో వేశారు. యాత్ర ఏ ఇబ్బందీ లేకుండా సాగిందని నిర్వాహకుడు అన్నట్టు రాశారు. ఆ బృందంతోనే వెళ్లిన మా అక్కయ్య ఆ ఫొటోలో లేదు. అప్పటికింకా ఖాట్మండూలో ఆస్పత్రి మంచం మీద ఉంది. బావగారు పక్కన కూర్చుని బిల్లులు కడుతున్నారు. మీ విలేకరి యాత్రికుల్లో ఒక్కరిని కదిపినా ఈ సంగతి తెలిసేది.

నేపాల్ సరిహద్దు దాటాక టిబెట్‌లో వచ్చే కేరుంగ్ ఊరు సుమారు 2,800 మీటర్ల ఎత్తు. ఒక్క రాత్రి అక్కడ ఉంచి, తెల్లారగానే సుమారు 4,500 మీటర్ల ఎత్తున్న సాగాకు తీసుకుపోయారు. 3,000 మీటర్లు దాటాక, ఇవాళ పడుకున్న చోటికంటే రేపు పడుకునే చోటు 500 మీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదంటారు డాక్టర్లు. సాగాలో ఆ రాత్రే అక్కయ్యకు తలనొప్పి, వాంతులు. ‘అందరికీ ఉండేదే, డైమాక్స్ వేసుకోండమ్మా’ అని, ఎత్తు పడనివాళ్లకు ఇచ్చే ఆ మాత్ర పేరు చెప్పాడు మేనేజరు. మర్నాడు మళ్లీ పైకే తీసుకెళ్లారు. సరోవరం దగ్గర ఊపిరాడక కూలబడిపోయింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని తర్వాత తేలింది.

అలాంటప్పుడు వెంటనే కిందికి దించాలి. కానీ టిబెట్‌కు ఇచ్చేది గ్రూప్ వీసా, అందరి పేర్లూ ఒకే కాగితం మీద ఉంటాయి. ఒక్కరిని వెనక్కి పంపాలంటే కాగితాలు మార్చాలి, వేరే బండి చూడాలి. దాంతోనే రోజంతా గడిచిపోయింది. అంతమందికీ కలిపి ఉన్నది ఒకే ఆక్సిజన్ సిలిండరు. డాక్టరు లేడు.

కేంద్ర విదేశాంగ శాఖ నడిపే యాత్రకు వయసు 70 దాటకూడదు, బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువుందా అని చూసే లెక్క) 25కు మించకూడదు. ఢిల్లీలో వైద్య పరీక్షలు చేస్తారు, ఉత్తరాఖండ్ మీదుగా లిపులేఖ్ కనుమ దారిలో వెళ్లేవారికి ఆ దారిలోని గుంజిలో మళ్లీ చేస్తారు. పనికిరారంటే అక్కణ్నుంచే వెనక్కి పంపేస్తారు. అదే కొండకు, అదే సరస్సుకు ప్రైవేటు ఏజెంటు తీసుకెళితే మాత్రం లక్షలు కట్టి పాస్‌పోర్టు ఇస్తే చాలు. షుగరుందా, బీపీ ఉందా అని మా అక్కయ్యను అడిగినవాళ్లు లేరు. ఇన్సూరెన్స్ ఉందన్నారు. చాలా పాలసీలు పాత జబ్బులకు వర్తించవని, కొన్ని ఫలానా ఎత్తు దాటితే పనిచేయవని ఎవరూ చెప్పలేదు.

ఫిర్యాదు చేద్దామని తిరిగితే ఒక ఆఫీసువాళ్లు ఇంకో ఆఫీసుకు వెళ్లమన్నారు, అక్కడ ‘ప్రైవేటు యాత్ర, మాకేం సంబంధం’ అన్నారు. 2018 జూలైలో వాతావరణం బాగోక ఈ యాత్ర దారిలో నేపాల్‌లో ఉన్న సిమికోట్, హిల్సాల్లో వందలమంది మనవాళ్లు చిక్కుకుపోయినప్పుడు అన్ని ప్రభుత్వాలూ హడావిడి చేశాయి. ఆ తర్వాత ఏజెంట్లకు ఏ నిబంధన పెట్టారో మాకైతే కనిపించలేదు. బస్సుకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అడుగుతారే, అందులో కూర్చునే పెద్దవాళ్ల గుండె సంగతి ఎవరికీ పట్టదా?

వచ్చే ఏడాది యాత్రకు బుకింగులంటూ ఆ ఏజెంటు అప్పుడే ఫ్లెక్సీలు కట్టాడు. డాక్టరు సర్టిఫికెట్, బృందంతో ఒక డాక్టరు, ఎత్తుకు అలవాటుపడే రోజులు కలిపిన షెడ్యూలు ఉంటే తప్ప ఎవరినీ తీసుకెళ్లకూడదని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఈలోపే ఉత్తర్వు ఇవ్వాలి. మీరు కూడా ఆ వార్తను సవరించి, జరిగింది రాయండి.

— ఒక పాఠకుడు, తెనాలి