గోడ వెనక సంగతి

ప్రియమైన శీనూ,

నీ ఉత్తరం, దాంతో పాటు గీసి పంపిన స్థలం పటం రెండూ చూశాను. స్థలం వెనక్కి వెళ్ళేకొద్దీ 2 మీటర్లు పల్లానికి దిగుతోంది, అడ్డంగా ఒక గోడ లేపి పైభాగం చదును చేద్దామనుకుంటున్నావు. బ్లాకు ఏ సైజు, ఎన్ని కావాలి, సిమెంటు ఎంత పడుతుంది అని వరసగా అడిగావు. వాన నీళ్ళు ఎటు పోవాలన్న మాట మాత్రం ఎక్కడా లేదు. అందుకే నీళ్ళతోనే మొదలుపెడుతున్నాను, ఓపిగ్గా చదువు.

మట్టి ఘనమీటరుకి సుమారు 1,800 కిలోలు తూగుతుంది. ఆ బరువంతా గోడ మీద పడదు. గింజకీ గింజకీ మధ్య రాపిడి ఉంటుంది కాబట్టి మట్టి కొంతవరకు తన కాళ్ళ మీద తానే నిలబడుతుంది. గరుకు మట్టి అయితే మూడో వంతు మాత్రమే పక్కకి తోస్తుంది. తోపుడు పైన సున్నా, కిందికి పోయేకొద్దీ పెరుగుతుంది కాబట్టి సగటున సగమే లెక్క: 1 మీటరు ఎత్తు గోడకి ఇది మీటరు పొడవుకి 300 కిలోల తోపుడు. నీళ్ళకి రాపిడి లేదు, ఎంత బరువుంటే అంతా తోస్తాయి. అదే 1 మీటరు ఎత్తున నీళ్ళు నిలిస్తే అవి ఒక్కటే 500 కిలోలు, వాటిలో మునిగి బరువు తగ్గిన మట్టి తోపుడు మరో 150. అంటే పొడిగా ఉన్నప్పుడు 300 మోసే గోడ ముసురు పట్టిన వారంలో 650 మోయాలి. వేసవంతా నిటారుగా నిలబడ్డ గోడ ఒక్క పెద్ద వానకి పడిపోయేది ఇందుకే.

ఇక ఎత్తు. గోడ ఎత్తు రెట్టింపు చేస్తే తోపుడు నాలుగింతలవుతుంది, గోడని ముందుకి బోర్లా వేసే బలం ఎనిమిదింతలవుతుంది. కాబట్టి నీ 2 మీటర్లని ఒకే గోడలో మింగాలని చూడకు. 1 మీటరు చొప్పున రెండు మెట్లుగా కట్టు. కింది గోడకీ పై గోడకీ మధ్య దూరం కింది గోడ ఎత్తుకి రెట్టింపు, అంటే కనీసం 2 మీటర్లు ఉండాలి. అంతకంటే దగ్గరగా కడితే పై గోడ బరువు కింది గోడ వీపు మీద పడుతుంది, లెక్కకి రెండూ కలిసి ఒకటే ఎత్తైన గోడ అయిపోతాయి. గోడ 1.2 మీటర్లు దాటినా, పైన బండి తిరిగినా, ఇల్లు దగ్గరగా ఉన్నా, గోడ వెనక, అంటే మట్టి ఆపే వైపు, నేల ఇంకా పైకి ఎక్కుతూ ఉన్నా ఇంజనీరుతో డిజైన్ చేయించాల్సిందే. ఇందులో మొహమాటపడకు. అనుమతి ఏ ఎత్తు నుంచి కావాలో కూడా ముందే కనుక్కో.

నీ తోట వైపు గోడలకి సిమెంటు మాలు లేకుండా, ఒకదాని మీద ఒకటి లాకుతో కూర్చునే బ్లాకులే నా ఓటు. సందుల్లోంచి నీళ్ళు కారిపోతాయి, నేల కాస్త కుంగినా గోడ బీట తీయకుండా సర్దుకుంటుంది, కాంక్రీటు పునాది అక్కర్లేదు. 40 సెం.మీ. పొడవు, 20 ఎత్తు, 30 లోతు ఉన్న రకం తీసుకో. తోట కోసం అమ్మే చిన్న అలంకారపు బ్లాకులు 1 మీటరు మట్టిని ఆపలేవు.

కందకం 60 సెం.మీ. వెడల్పు తవ్వించు. లోతులో 15 సెం.మీ. కంకర పరుపుకి, 20 భూమిలో దాగే మొదటి వరసకి. గోడ ముందు నేల ఇంకా పల్లానికి వాలుతుంటే ఒకటి కాదు, రెండు వరసలు పాతిపెట్టు. ముందున్న ఆ మట్టే గోడ పాదం జారకుండా పట్టుకునేది. కందకం అడుగున వదులు మట్టి, వేళ్ళు, చెత్త ఏదీ మిగలకూడదు. పొరపాటున ఎక్కువ తవ్వితే మట్టితో పూడ్చకు, కంకరతోనే నింపు. గోడ బారునా కూడా నేల వాలి ఉంటే కందకాన్ని వాలుగా తవ్వకూడదు. మెట్లు మెట్లుగా, ఒక్కో మెట్టు సరిగ్గా ఒక బ్లాకు ఎత్తు ఉండేలా తవ్వాలి. తవ్వకం మొదలెట్టేది పల్లపు చివర నుంచే.

పరుపుకి పొడి కలిసిన కంకర వేసి దిమ్మిస యంత్రంతో గట్టిపరచు. మడమతో గట్టిగా తొక్కినా గుంట పడకూడదు.

మొదటి వరసకి ఒక రోజంతా పట్టినా పట్టనీ. దారం కట్టి, ప్రతి బ్లాకునీ రసమట్టంతో పొడవునా, లోతునా రెండు వైపులా చూడాలి. ఎత్తు ఎక్కువైతే రబ్బరు సుత్తితో కొట్టి దించాలి, తగ్గితే బ్లాకు తీసి కింద పొడి సర్దాలి. ఇక్కడ 3 మిల్లీమీటర్ల తేడాని వదిలేస్తే పై వరసలో బ్లాకు ఊగుతుంది, ఐదో వరసకి సందు కంటికి కనిపిస్తుంది. పైకి వచ్చాక సరిచేసే దారి లేదు, మొత్తం విప్పాల్సిందే. మిగతా వరసలు త్వరగానే లేస్తాయి. నిలువు సందులు ఒకదానిపై ఒకటి రాకుండా సగం బ్లాకు జరుపుతూ పో. ప్రతి వరసా రెండు మూడు సెం.మీ. వెనక్కి జరగాలి, బ్లాకు వెనక ఉండే పెదవి ఆ పని తానే చేస్తుంది. వరస పేర్చిన ప్రతిసారీ పైన చీపురుతో ఊడువు. ఒక్క కంకర పలుకు ఇరుక్కున్నా బ్లాకు చిట్లుతుంది.

ఇప్పుడు నీళ్ళ దారి. గోడ వెనక 30 సెం.మీ. మందాన పొడి లేని 20 మిల్లీమీటర్ల కంకర, కింద నుంచి దాదాపు పైదాకా. అడుగున 4 అంగుళాల రంధ్రాల పైపు, మీటరుకి 1 సెం.మీ. వాలుతో. రంధ్రాలు కిందికే ఉండాలి. చాలామంది పైకి పెడతారు, అది తప్పు. నీళ్ళు అడుగు నుంచి పైకి పేరుకుంటాయి కాబట్టి రంధ్రం కింద ఉంటేనే మట్టం పెరగకముందే పైపులోకి చేరతాయి. పైపు చివర బయట పల్లంలో గాలికి తెరుచుకోవాలి, ఎలుకలు దూరకుండా జాలీ పెట్టాలి. బయటికి దారి లేని పైపు గోడ వెనక నీళ్ళ తొట్టి లాంటిది. కంకరకీ వెనక మట్టికీ మధ్య జియోటెక్స్‌టైల్ గుడ్డ పరచి, పైన కంకర మీదికి మడవాలి. గుడ్డ లేకపోతే బురద కంకరలోకి దిగి మూడు నాలుగేళ్ళలో మూసేస్తుంది. ప్లాస్టిక్ పట్టా మాత్రం వేయకు, అది నీళ్ళని ఆపేస్తుంది.

గుడ్డ వెనక నింపడానికి మొరమో గరుకు ఇసుక మట్టో వాడు. తవ్విన నల్లరేగడినే తిరిగి పోద్దామని మేస్త్రి అంటే ఒప్పుకోకు. అది తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది, ఏడాదికోసారి గోడని గుద్దుతూనే ఉంటుంది. మట్టిని 15 నుంచి 20 సెం.మీ. పొరలుగా పోసి ఒక్కో పొరా దిమ్మిస కొట్టాలి. గోడంతా లేపేశాక ఒక్కసారిగా లారీ మట్టి కుమ్మరించడం ఈ పనిలో జరిగే పెద్ద తప్పు. గోడకి 1 మీటరు లోపల చేతితో నడిపే చిన్న యంత్రమే తిరగాలి, రోలరు గానీ జేసీబీ గానీ రాకూడదు. దగ్గరికొచ్చిందంటే కట్టిన రోజే గోడ పొట్ట విడుస్తుంది.

1 మీటరంటే ఈ బ్లాకులు కేవలం తమ బరువుతో నిలబడే హద్దు. అందుకని జియోగ్రిడ్, అంటే గోడని వెనక మట్టికి కట్టిపడేసే గట్టి ప్లాస్టిక్ వల కూడా వేయమంటాను. భూమి మట్టం నుంచి రెండో వరస మీద ఒకటి, నాలుగో వరస మీద ఒకటి, వెనక్కి 1.2 మీటర్ల పొడవున. గ్రిడ్‌కి బలమైన దిక్కు ఒకటే ఉంటుంది, అది గోడ ముఖం నుంచి తిన్నగా వెనక మట్టిలోకి పోవాలి. చుట్ట విప్పిన దిక్కే సాధారణంగా బలమైనది. గోడ బారునా పరిస్తే వేసీ లేనట్టే. ముడతలు లేకుండా లాగి, మేకులతో బిగించి, ఆపైన మట్టి పోయాలి. గ్రిడ్ కోసం తవ్వకం వెనక్కి అంత మేర పోవాలి, అది ముందే లెక్కలో పెట్టుకో.

పై 20 సెం.మీ. మాత్రం జిగురు మట్టి వేసి గట్టిగా కొట్టు, పైనుంచి నీళ్ళు దిగకుండా అది మూతలా పనిచేస్తుంది. దాని వెనక లోతు తక్కువ కాలువ తీసి, పై నుంచి వచ్చే వాన నీటిని పక్కలకి మళ్ళించు. ఇంటి కప్పు నీళ్ళ గొట్టం, ఇంకుడు గుంత, సెప్టిక్ ట్యాంకు ఏవీ గోడ వెనక వద్దు. కంచె స్తంభాలు గోడ పైవరసలో దిగ్గొట్టకు, వెనక 1 మీటరు దూరంలో గొట్టాలు ముందే పాతి వాటిలో నిలబెట్టు.

నీ లెక్క ఇదిగో. 10 మీటర్ల పొడవు, పైకి కనిపించేది 1 మీటరు, అంటే ఐదు వరసలు. పాతిపెట్టేది ఒకటి, మొత్తం ఆరు. వరసకి 25 చొప్పున 150, విరిగేవీ కోసేవీ కలిపి 160 తెప్పించు. పరుపుకి 0.9 ఘనమీటర్లు వస్తుంది, దిమ్మిసకి అణుగుతుంది కాబట్టి 1.1 కావాలి. గోడ వెనక కంకర 3.6 వస్తుంది, 4 తెప్పించు. గుడ్డ 20 చదరపు మీటర్లు, గ్రిడ్ రెండు పొరలకి 24. పైపు 10 మీటర్లు, ఆపైన బయటికి పోయే దూరం. ఇదంతా ఒక గోడకే, రెండో దానికీ ఇంతే. రెండు వరసలు పాతాల్సి వస్తే మరో 25 బ్లాకులు కలుపు.

బండి నిలిపే చోట సంగతి వేరు. అక్కడ బోలు బ్లాకుల్లో కడ్డీలు దింపి కాంక్రీటు నింపిన గోడ కావాలి, డిజైన్ ఇంజనీరుదే. అయినా పని జరిగేటప్పుడు నువ్వు చూడాల్సినవి చెబుతాను. నిలువు కడ్డీలు బ్లాకు నడుమ కాదు, మట్టి వైపు గోడకి దగ్గరగా రావాలి, ఎందుకంటే మట్టి తోస్తుంటే సాగేది ఆ ముఖమే. పునాదిలోంచి లేచే కడ్డీ, పై కడ్డీ కలిసే చోట ఒరుసుకునే పొడవు కడ్డీ మందానికి 50 రెట్లుండాలి, 12 మిల్లీమీటర్ల కడ్డీకి 60 సెం.మీ. బోలులో పోసే కాంక్రీటు పలచగా ఉండాలి: 1 పాలు సిమెంటు, 3 ఇసుక, 2 చిన్న కంకర. బ్లాకులు నీళ్ళు పీల్చేస్తాయి, గట్టిగా కలిపితే మధ్యలోనే ఆగి కింద ఖాళీ మిగులుతుంది. పోసే ముందు అడుగు వరసలో కిటికీలు వదిలి, రాలిన మాలు గీకి తీయించు. ఒక్కసారికి 1.2 మీటర్లకి మించి పోయొద్దు, పోస్తూ కడ్డీతో కుమ్మాలి. ముందు నేలకి 10 సెం.మీ. పైన, ప్రతి 1.5 మీటర్లకీ 75 మిల్లీమీటర్ల గొట్టం నీళ్ళకి వదలాలి. ప్రతి 6 మీటర్లకీ ఒక నిలువు జాయింటు. 28 రోజులు నిండకుండా వెనక మట్టి పోయనివ్వకు.

కట్టాక మొదటి రెండు వానాకాలాలు గోడని గమనిస్తూ ఉండు. గోడ నడుమ పొట్ట వస్తే వెనక నీళ్ళు నిలిచాయి, లేదా గ్రిడ్ చాలలేదు. పైభాగం ముందుకి ఒరిగితే పాదం కింద నేల లొంగింది. మెట్లు మెట్లుగా బీట వస్తే పునాది ఒకచోట కుంగింది. అడుగు భాగాన అడ్డంగా బీట తీస్తే కడ్డీ తప్పు ముఖాన పడి ఉండవచ్చు. తెల్లటి ఉప్పు పూస్తే నీళ్ళు గోడలోంచి దారి చేసుకుంటున్నాయి. గొట్టంలోంచి బురద నీళ్ళు వస్తుంటే మాత్రం వెంటనే చూడాలి. వెనక మట్టి కొట్టుకుపోతోందన్నమాట, కొన్నాళ్ళకి పైన గుంట పడుతుంది. పెద్ద వానలో పైపు చివర పొడిగా ఉంటే ఎక్కడో మూసుకుపోయింది.

తవ్వకం వానలు పూర్తిగా వెనక్కి తగ్గాకే పెట్టుకో. పొడవంతా ఒకేసారి కోసి వదలకు, రెండు రోజుల్లో కట్టగలిగినంతే తవ్వించు. తవ్విన మట్టి అంచుకి కనీసం 1 మీటరు దూరంలో వేయించు. నిలువుగా కోసిన గట్టు కింద మనిషిని దించేముందు గట్టుని వాలుగా చెక్కించు. విరిగిపడే మట్టి ఘనమీటరుకి దాదాపు రెండు టన్నులురా, నడుం దాకా కప్పినా మనిషి తనంతట తాను బయటపడలేడు.

బ్లాకులకి ఇప్పుడే బయానా ఇవ్వకు. ముందు గోడ వచ్చే గీత మీద మూడు చోట్ల 1 మీటరు గుంటలు తీయించు. ఎంత లోతులో మట్టి రంగు మారింది, ఎక్కడ నీళ్ళూరాయి, తడి మట్టిని చేత్తో నలిపితే తాడులా సాగిందా, పొడిగా రాలిపోయిందా, ఇవన్నీ గుంట గుంటకీ విడిగా రాసి పంపు. అవి చూశాక ఎన్ని వరసలు పాతాలో ఖాయంగా చెబుతాను.

నీ
రఘు