పదిహేను వేల గీతను కాస్త పైకి జరపండి: ఆర్థిక మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర ఆర్థిక మంత్రి గారికి,

నమస్కారం. జీడిమెట్లలో అట్టపెట్టెలు తయారుచేసే చిన్న యూనిట్ నాది. పద్నాలుగు మంది పనిచేస్తారు. జీఎస్టీ, ఆదాయపన్ను ఢిల్లీ వాళ్ల చేతిలోవి కాబట్టి వాటి జోలికి వెళ్లను. మీ చేతిలో ఉన్న వృత్తి పన్ను గురించే ఈ లేఖ.

నెల జీతం 15,000 దాటితే 150, 20,000 దాటితే 200 రూపాయలు కోసి మీకు కడుతున్నాం. ఈ శ్లాబులు 2013లో, ఉమ్మడి రాష్ట్రం ఉండగా ఖరారైనవి. అప్పుడు పదిహేను వేలంటే సూపర్‌వైజర్ జీతం. ఇప్పుడు పేస్టింగ్ టేబుల్ దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి కూడా ఏడాది తిరిగేసరికి అంత అడుగుతుంది, అడగడంలో తప్పేమీ లేదు.

ఒక పేస్లిప్ చూడండి. 15,000 ఉన్న మనిషికి ఐదొందలు పెంచాను. ఈఎస్‌ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) కోత 113 నుంచి 117 అయింది, అది నాలుగు రూపాయల తేడా. వృత్తి పన్ను సున్నా నుంచి ఒక్కసారిగా 150కి ఎగిరింది. ఐదొందలు పెంచితే చేతికి అందింది 346. "పెంచానన్నారు కదా సార్, మిగతాది ఏది?" అని అడిగితే చెప్పలేక తల ప్రాణం తోకకొస్తుంది. ఈఎస్‌ఐ కోత మీద ఎవరూ గొడవపడరు. కార్డు పట్టుకుని సనత్‌నగర్ ఆస్పత్రికి వెళ్తే మందులొస్తాయని వాళ్లకు తెలుసు. ఈ 150కి చూపించడానికి నా దగ్గర చలానా తప్ప ఏమీ లేదు.

అందుకే మా పారిశ్రామికవాడల్లో అందరికీ తెలిసిన ఒక పద్ధతి నడుస్తోంది. కాగితం మీద 15,000, మిగతాది కవర్లో నగదు. కవర్ డబ్బు మీద యజమాని కట్టాల్సిన ఈఎస్‌ఐ వాటా 3.25 శాతం కలిసొస్తుంది, పనిచేసేవాడికి 150 మిగులుతుంది, ఇద్దరూ ఖుషీ. జ్వరమొచ్చి మంచాన పడ్డ రోజున అసలు సంగతి బయటపడుతుంది. ఈఎస్‌ఐ అనారోగ్య భత్యం జీతంలో 70 శాతం, కానీ ఏ జీతంలో? కాగితం మీద రాసినదాంట్లో. ప్రసూతి సెలవు డబ్బులకూ, బ్యాంకులో బండి లోనుకూ అదే లెక్క. కవర్లో ఇచ్చిన డబ్బుకు సాక్ష్యం ఉండదు. ఇదంతా ఒక్క వృత్తి పన్ను వల్లే అనను, మా వాళ్ల కక్కుర్తీ ఉంది. కానీ సరిగ్గా 15,000 దగ్గర ఆగడానికి ఒక సాకు మాత్రం ఆ శ్లాబే ఇస్తోంది.

ఇంకో మాట. 22,000 జీతగాడు ఏడాదికి 2,400 కడతాడు, అంటే అతని మూడు రోజుల జీతం పైమాటే. గచ్చిబౌలిలో రెండు లక్షలు తీసుకునేవారూ అదే 2,400 కడతారు. వాళ్లకది మధ్యాహ్నం భోజనానికి లేచేలోపు వచ్చే డబ్బు. ఏడాదికి 2,500 మించకూడదని రాజ్యాంగం 276వ అధికరణమే చెబుతోంది కాబట్టి పైవాళ్ల దగ్గర ఎక్కువ తీసుకోవడం మీ వల్ల కాదు, ఒప్పుకుంటాను. కిందివాళ్లను వదిలేయడం మాత్రం మీ వల్ల అవుతుంది. కర్ణాటక 2023లో 25,000 లోపు జీతాలకు ఈ పన్ను ఎత్తేసింది. మహారాష్ట్ర అదే ఏడాది 25,000 దాకా మహిళలకు మినహాయింపు ఇచ్చింది. మన దగ్గరా ఆ 25,000 గీత పెట్టమని నా మొదటి కోరిక.

రెండోది తేదీల టెన్షన్. ఏడున టీడీఎస్ (ముందే కోసిన ఆదాయపన్ను), పదిన మీ వృత్తి పన్ను, పదకొండున జీఎస్టీ అమ్మకాల రిటర్న్ జీఎస్టీఆర్-1, పదిహేనున ఈఎస్‌ఐ, ఇరవైన జీఎస్టీ కట్టే 3బి రిటర్న్. ఒక్కోదానికి ఒక్కో పోర్టల్, ఒక్కో పాస్‌వర్డ్. మా పార్ట్‌టైమ్ అకౌంటెంట్ నెలలో మొదటి ఇరవై రోజులు ఫోన్ ఎత్తితే గొప్ప. మా యూనిట్ నుంచి మీకు వచ్చే వృత్తి పన్ను నెలకు రెండువేల చిల్లర, దానికి ఏడాదికి పన్నెండు రిటర్నులు. ఐదు కోట్ల లోపు టర్నోవర్ వాళ్లకు జీఎస్టీలోనే మూడు నెలలకో రిటర్న్ సౌకర్యం ఉంది. ఇరవై మంది లోపు ఉన్న యూనిట్లకు మీరూ అలాగే ఇవ్వండి. డబ్బు నెలనెలా కట్టమన్నా కడతాం, ఫారం మాత్రం మూడు నెలలకోసారి చాలు.

బడ్జెట్‌కు ముందు పరిశ్రమల సంఘాలతో మాట్లాడేటప్పుడు పెద్ద కంపెనీల వాళ్ల పక్కన జీడిమెట్ల, బాలానగర్, చర్లపల్లి నుంచి పదిమందితో నడిపే వాళ్లను కూడా ఇద్దరు ముగ్గురిని పిలవండి. పేస్లిప్పులు తీసుకుని వస్తాం.

ఇట్లు,
జీడిమెట్ల పారిశ్రామికవాడ నుంచి
ఒక చిన్న యూనిట్ యజమాని