చదివింపుల పుస్తకం లెక్క

హైదరాబాద్,
ఆదివారం రాత్రి

ఒరే శీనూ,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకోకురా. ఇక్కడంతా కులాసా, అమ్మ మోకాలు నయం, మన వీధి మళ్లీ తవ్వారు. అవన్నీ తర్వాత.

ఎన్నికల బాండ్ల (పేరు బయటపడకుండా పార్టీలకి విరాళమివ్వడానికి ఎస్‌బీఐలో కొన్న పత్రాలవి) జాబితాలు చూస్తే ఎవరు ఏ పార్టీకిచ్చారో ఏమీ తేలట్లేదన్నావు. తేలదు! నువ్వు తెరిచింది 2024 మార్చి 14 నాటిది. కొన్నవాళ్లొక ఫైల్లో, సొమ్ము చేసుకున్న పార్టీలొక ఫైల్లో. కలిపే దారమే లేదు. మీ బావ పెళ్లి చదివింపుల్లో "పెద్ద గిన్నె, పేరు లేదు" గుర్తుందా? అచ్చం అదే. నూటపదహార్లకే పేరు రాసుకునే మనకి కోట్ల దగ్గర పేరొద్దన్నారు చూడు, అదిరా నాకు మింగుడుపడనిది.

మార్చి 21వి దింపుకో. సుప్రీంకోర్టు ఫిబ్రవరి 15న పథకాన్ని కొట్టేసినా, మార్చి 18న మళ్లీ గట్టిగా చెప్పాకే ఎస్‌బీఐ బాండు నంబర్లిచ్చింది. మామూలు కంటికి కనబడని, అతినీలలోహిత కాంతిలోనే కనిపించే నంబరది. రెండు ఫైళ్లనీ కలిపే దారం అదే.

ఎక్సెల్‌లోకి తెచ్చాక ముందు బాండు విలువ చెప్పే అక్షరాల గడినీ నంబరు గడినీ కలిపి ఒకటి చెయ్యి. ఓసీ అంటే కోటి రూపాయలు, టీఎల్ పది లక్షలు, ఓఎల్ లక్ష. ఒట్టి నంబరుతో వెతికితే కోటి బాండు లక్ష బాండుతో జతపడొచ్చు. గడి రెండు ఫైళ్లలోనూ టెక్స్ట్‌గానే ఉండాలి, లేకపోతే ఒక్కటీ దొరకదు. కంపెనీ మొత్తం తీసేటప్పుడు పేరు స్పెల్లింగులు సరిచూడు. మన బాలానగర్ మేఘా ఇంజినీరింగ్ కొన్నది 966 కోట్లు, దేశంలో రెండో స్థానం. అనుబంధ సంస్థలవి వేరే పేర్లతో ఉంటాయి, విడిగా వెతకాలి.

జతపడనివి మిగిలితే నీ తప్పనుకోకు. 2019 ఏప్రిల్ 12 నుంచి కొన్నవి 18,871, అదే కాలంలో పార్టీలు మార్చుకున్నవి 20,421. అంతకుముందు కొని తర్వాత మార్చినవాటికి కొన్నవాళ్ల పేరు ఈ ఫైల్లో లేదు. నాకు కడుపు మండేది అక్కడేరా.

బాండ్లు పోయాయి కదా అని ఊరుకోకు. 20,000 రూపాయలు దాటని విరాళానికి ఫారం 24ఏలో (పార్టీలు విరాళాల లెక్క ఎన్నికల సంఘానికిచ్చే కాగితం) ఇప్పటికీ పేరు అక్కర్లేదు. నగదుగా ఒకరి దగ్గర 2,000 దాకానే తీసుకోవాలి, నిజమే, కానీ చెక్కుగా 19,000 చొప్పున పదిమంది పేర విడగొడితే... ఆ ఫారం ఎలా చదవాలో మళ్లీ రాస్తాను. కరెంటు పోయేలా ఉంది, ఉంటానురా.

నీ
రాజు