అమ్మలూ, ఆ మూడున్నర కేజీల సంగతి

ధనుర్మాసం, ఆదివారం పొద్దున్న

చిరంజీవి అమ్మలుకి,

నాన్న దీవించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. నీ క్షేమం నువ్వు రాయవు కాబట్టి వాళ్ళనీ వీళ్ళనీ అడిగి తెలుసుకుంటున్నాం.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేంటని నవ్వుకుంటావు. ఫోన్ చేస్తే "మీటింగ్‌లో ఉన్నా నాన్నా" అంటావు. మెసేజ్ పెడితే బొటనవేలి బొమ్మ పంపిస్తావు. పదకొండు రోజుల్లో ఏడు బొటనవేళ్ళు వచ్చాయి, లెక్కపెట్టాను. ఉత్తరమైతే మధ్యలో కట్ చేయలేవు కదా. పార్సిల్లో పచ్చడి సీసాకి ఆనించి పెడుతున్నాను, నూనె అంటితే ఏమనుకోకు.

ఊళ్ళో విశేషాలు. అక్టోబరులో మొంథా తుపాను వచ్చి మన పడమటి చేను మొత్తం పడుకోబెట్టేసింది కదా, కోత మిషను దిగక కూలీలతో కోయించాం. మీ చిన్నాన్న ఎకరానికి 22 బస్తాలే కళ్ళజూశాడు. ప్రభుత్వ మద్దతు ధర ఈ 2025-26 సీజనుకి క్వింటా 2369, అంటే 75 కేజీల బస్తా 1776 చిల్లర. ధాన్యం కొనే రైతు సేవా కేంద్రం దగ్గర తేమ 17 శాతం దాటితే పేచీ. అందుకని కాలవగట్టు రోడ్డు మొత్తం ధాన్యమే, బస్సు ఒక పక్కకి ఒరిగి పోతోంది. దాళ్వాకి, అదే రెండో పంటకి, అప్పుడే నారుమళ్ళు పోస్తున్నారు. నల్లావు ఈనింది, పెయ్యదూడ. జున్ను సంగతి నీకు రాయొద్దంది మీ అమ్మ, రాశాను.

అన్నట్టు, దొరబాబు వాళ్ళ అమ్మాయి మొన్న శనివారం వాడపల్లి వెంకన్న గుళ్ళో మీ అమ్మకి కనపడింది. ఏడు వారాల మొక్కట. ప్రదక్షిణ చేస్తూనే చెప్పేసింది, నువ్వు అమీర్‌పేట మెట్రో మెట్ల మీద తల తిరిగి కూర్చుండిపోయావని, ఎవరో పుణ్యాత్మురాలు మంచినీళ్ళిచ్చిందని. రాత్రిపూట హాస్టల్లో కీరదోసకాయ తప్ప ఏమీ తినవని కూడా. మీ అమ్మ ఎన్నో చుట్టో మర్చిపోయి మళ్ళీ మొదటినించీ తిరిగిందట. ఆ పిల్లకి చిన్నప్పటినించీ గోరంత కొండంత చేసే అలవాటు. నేను అడగటం లేదు. ఊరికే రాశాను.

నీ బరువు ఎంతకొచ్చిందో నాకు తెలుసు. దీపావళికి వచ్చినప్పుడు ఫోన్లో ఆ గీతలు చూపించావుగా. 72 నించి 60.5. అక్కణ్ణించి రెండు నెలలుగా 60.2, 61, 60.7, మళ్ళీ 60.5. నీకు కావలసింది 57. లెక్క నేనూ వేశాను. నీ 5 అడుగుల 2 అంగుళాలకి 57 అయితే ఆ బీఎంఐ అనేది, అదే ఎత్తుకి తగ్గ బరువు లెక్క, 23 లోపు పడుతుంది. తెల్లవాళ్ళకి 25 దాకా ఫరవాలేదు కానీ మన వాళ్ళకి 23 దాటితే ఎక్కువ కిందే లెక్కట. ఇప్పుడు 24.4 ఉన్నావు. కాబట్టి నువ్వు అడుగుతున్నది అన్యాయమేమీ కాదు, ఒప్పుకున్నాను. మూడు నెలల సగటు షుగరు 5.9 నించి 5.5కి దించుకున్నావు చూడు, అదీ అసలు పని. మీ నాయనమ్మ కాలి వేళ్ళు పోగొట్టుకుంది ఆ జబ్బుతోనే. నేను రోజుకి రెండు మాత్రలు మింగుతున్నది కూడా దానికే.

కానీ ముప్పై ఒక్క ఏళ్ళు మిల్లు కాటా దగ్గర కూర్చున్నవాణ్ణి, తూకం గురించి ఒక్క మాట చెప్పనీ. నీ హాస్టల్ గదిలో మిషను ఎక్కడ పెట్టావు? నేల సమంగా ఉందా? టైల్ మీద ఒక మూల ఎత్తుంటే కాటా అబద్ధం చెబుతుంది. మా మిల్లు కాటాకి తూనికల కొలతల వాళ్ళు వచ్చి ముద్ర వేసి వెళ్ళేవాళ్ళు. నీ దానికి ముద్ర వేసిందెవరు? అదలా ఉంచు, లారీని లోడుతో తూచి, దించాక ఖాళీ బండి తూచి, తేడా రాసుకుంటాం. మనిషికి ఖాళీ బండి తూకం తెలిసేదెలా? ముందు రోజు ఆవకాయ ఎక్కువ తింటే ఉప్పుకి ఒంట్లో నీళ్ళు నిలుస్తాయి. ఆడపిల్లలకి నెలసరి ముందు కేజీ, కేజీన్నర ఊరికే పెరుగుతుందని మీ అమ్మ అంది. (ఈ వాక్యం మీ అమ్మే రాయించింది.) రోజూ పొద్దున్నే ఎక్కి ఆ అంకె చూసి ఏడవటం దేనికి? వారానికి ఒక్కరోజు, ఒకే వేళకి, ఒకే బట్టల్లో. లేదా టేపు పెట్టి నడుము కొలుచుకో. ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్ల లోపుంటే మంచిదట.

మన డాక్టరు గారిని అడిగాను. నీ పేరు చెప్పలేదులే, "తెలిసినవాళ్ళ అమ్మాయి" అన్నాను. ఆయన నవ్వి, "మీ అమ్మాయేనా?" అన్నారు. మొదట్లో బరువు దడదడా దిగుతుందట, ఎందుకంటే ఒంట్లో దాచుకున్న పిండిపదార్థం గ్రాముకి మూడు గ్రాముల నీళ్ళని పట్టుకుని ఉంటుంది, అది కరిగితే నీళ్ళూ పోతాయి. తర్వాత పోవాల్సింది కొవ్వు, అది అంత తేలిగ్గా కదలదు. పైగా 72 కేజీల మనిషి నడకకి అయ్యే ఖర్చు వేరు, 60 కేజీల మనిషికి అయ్యే ఖర్చు వేరు. అప్పుడు నిన్ను తగ్గించిన తిండే ఇప్పుడు నిన్ను ఉన్నచోట ఉంచుతుంది. అది చూసి తిండి ఇంకా కోస్తే ఒళ్ళు కూడా ఖర్చు తగ్గించేసుకుంటుందట, కండ కూడా కరిగిపోతుందట. అలాంటప్పుడు మెట్లెక్కితే కళ్ళు తిరగవా మరి.

ఇంతకీ నీకు పిట్ట కథ ఒకటి చెప్పాలి. నువ్వు రెండో తరగతిలో ఉన్నప్పటి సంగతి. రేవు పక్కన రెండెకరాలు కౌలుకి చేసిన ఏడు. ఆ ముందటేడు కొనుగోలుకి వచ్చినాయన పదిమందిలో నన్ను పట్టుకుని, "గుమాస్తాగారూ, ఊరందరి ధాన్యం తేమ చూస్తారు, మీ ధాన్యం మాత్రం నీళ్ళోడుతోందే" అని బస్తాకి రెండు కేజీలు తరుగు కోశాడు. జనం నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఏడాదంతా గొంతులో ముల్లులా ఉండిపోయింది.

ఆ ఏడు సార్వా కోతలప్పుడు ముసురు పట్టింది. స్వర్ణ రకం వడ్లు. కోసేసరికి తేమ మీటరు 24 శాతం చూపించింది. కాలవగట్టు మీద బరకాలు పరిచి పోశాం. రెండ్రోజుల్లో 24 కాస్తా 19కి దిగింది. నేను మీసం తిప్పాను. అక్కణ్ణించి చూడు దాని వేషాలు! 19 నించి 18కి రెండు రోజులు. సాయంత్రం 17.8 ఉంటే పొద్దున్న పొగమంచు తాగి 18.4. మీటరు చెడిపోయిందని ఇంకో మీటరు తెప్పించాను, అదీ అదే చెప్పింది. గింజకి పైన ఉన్న తడి ఎండకి ఇట్టే పోతుందమ్మా, లోపలి తడి పైకి రావాలి కదా, దాని టైము దానిది. అందుకే పెద్దవాళ్ళు సాయంత్రం కుప్పజేసి కప్పేసి, రాత్రంతా వదిలేసి, మర్నాడు ఆరబోస్తారు. కప్పిన ఆ రాత్రి పని ఏమీ జరగనట్టే ఉంటుంది. లోపల జరుగుతూనే ఉంటుంది.

ఆరో రోజుకి 17 వచ్చింది. "చాల్లేరా, ఎత్తేయ్" అంది మీ నాయనమ్మ. నేను వినలేదు. 14 చేసి తీరాలి, ఈసారి ఆ పెద్దమనిషి నోరెత్తకూడదు. మిల్లు సిమెంటు గచ్చు మీద పల్చగా పోసి, మిట్టమధ్యాహ్నం ఎండలో మూడు రోజులు కాళ్ళతో తిరగేశాను. పాదాలు బొబ్బలెక్కాయి. నువ్వు వెన్న రాశావు, గుర్తుందో లేదో. 14 వచ్చింది.

ఏమైంది? 17 దగ్గర 75 కేజీలున్న బస్తా 14 దగ్గర 72 చిల్లరకి దిగింది. 60 బస్తాల మీద రెండు బస్తాల ధాన్యం గాల్లో కలిసిపోయింది. తిండికని ఉంచుకున్నవి ఆడిస్తే చాటనిండా నూకే, ఎండకి గింజ లోపల చిట్లిపోయింది. మూడు నెలలు ఇంట్లో నూకల ఉప్మా, నూకల జావ. ఇక ఆ కొనుగోలు పెద్దమనిషి, ఆ ఏడు మన వైపు రానే లేదు. వాళ్ళ కుర్రాడొకడు వచ్చి మీటరు గుచ్చి, "17 లోపే కదండీ, సరే" అన్నాడు. "14 బాబూ, సరిగ్గా చూడు" అని నేనే చెప్పుకున్నాను. "ఏదైనా ఒకటే రేటండి" అన్నాడు.

ఇది ఎందుకు రాశానంటే ఏం లేదు. ధాన్యం ఆరబోసుకుంటుంటే గుర్తొచ్చింది.

రాత్రి అన్నం మానేయకు. కప్పు అన్నం చాలు, పప్పు రెండు గరిటెలు ఎక్కువ వేసుకో. పళ్ళెం అంతా అన్నం పెట్టే మన గోదారి అలవాటు మంచిది కాదని నాకూ తెలుసు. మీ తార్నాకలో ఉన్న పోషకాహార సంస్థ వాళ్ళు కూడా 2024లో ఇచ్చిన సలహాల్లో బియ్యం, గోధుమల్లాంటి గింజల నించి వచ్చే శక్తి 45 శాతం దాటొద్దన్నారు. తగ్గించమన్నారు గానీ కీరదోసకాయతో సరిపెట్టమనలేదు. గుడ్డు తిను. చేప తిను, పులుసులో నూనె తేల్చకుండా. డొక్కా సీతమ్మ గారు నట్టనడి రాత్రి వచ్చినవాళ్ళకి కూడా వండి పెట్టిన గడ్డ మీద పుట్టి, ఆకలితో పడుకునే పిల్లని కన్నామా అని మీ అమ్మ రోజుకోసారి అంటోంది. నిద్ర సరిగ్గా పోతున్నావా? ఆ నైట్ షిఫ్టు ఇంకా ఉందా? రక్తం పరీక్ష చేయించుకో, హిమోగ్లోబిన్ 12కి తగ్గకూడదు, కిందటేడు నీకు 10.4. తల తిరగడానికి అదీ ఒక కారణమే. తిరిగిందని నేననటం లేదు.

ఇదంతా ఉపన్యాసంలా అయిపోయింది. చించేసి మళ్ళీ రాద్దామనుకున్నాను, కాగితాలు అయిపోయాయి.

మిల్లు నించి తెచ్చుకున్న పాత చిట్టా పుస్తకం ఒకటి నా దగ్గరుంది, నీకు చూపించలేదు. ప్రతి భోగినాడు నిన్ను బస్తాల కాటా మీద నిలబెట్టి తూచేవాణ్ణి కదా, అవన్నీ రాసి ఉన్నాయి. అయిదో ఏట 16 కేజీల 200. ఎనిమిదో ఏట టైఫాయిడ్ వచ్చి 19కి పడిపోయావు. ఆ పేజీ మీద మీ అమ్మ పసుపు వేలిముద్ర. ఇంటర్ రెండో ఏడు తర్వాత నువ్వు ఎక్కనన్నావు, అక్కడితో ఆగిపోయింది. నిన్న రాత్రి ఆ పుస్తకం తీసి కూర్చున్నాను. ఏ అంకె చూసినా నాకు అప్పుడు తక్కువే అనిపించింది. ఒక్కసారి తప్ప.

కిందటి మాఘమాసంలో మీ పెద్ద మావయ్య తెచ్చిన సంబంధం వాళ్ళు వచ్చినప్పుడు, కాఫీ తాగుతూ ఆవిడ "అమ్మాయి బాగుంది, కాస్త తగ్గితే" అంది. నువ్వు వంటింటి గుమ్మంలో ఉన్నావు. నేను నవ్వి "తగ్గుతుందిలెండి" అన్నాను. మర్నాటి నించే నువ్వు వాకింగ్ మొదలుపెట్టావు. షుగరు కోసమే అన్నావు, నేనూ షుగరు కోసమే అనుకున్నాను. అనుకోవడం సుఖంగా ఉంది కాబట్టి అనుకున్నాను. ఆ అబ్బాయికి శ్రావణంలో పెళ్ళయిపోయిందట. "మా పిల్లకి ఏం తక్కువైందమ్మా" అని ఒక్క మాట అనగలిగి ఉండాల్సింది. మిల్లులో ఎంతమందితోనో గొడవ పడ్డవాణ్ణి, నా ఇంట్లో నోరు పెగల్లేదు.

57 నీకే కావాలంటే మెల్లగా రా, ఏడాదైనా పట్టనీ. ఇంకెవరికోసమో అయితే మాత్రం 60.5 దగ్గర ఎత్తేయ్.

భోగికి ముందు రోజు రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్‌కి టిక్కెట్టు తీశాను, కింద బెర్తు. రాజమండ్రిలో దిగు, నేను స్టేషనుకి వస్తాను. మఫ్లరు తెచ్చుకో, గోదారి మీద తెల్లవారుజామున చలి. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్దాం, నడక ఎంతైనా ఉంటుంది, నీ లెక్క సరిపోతుంది. అన్నం తిన్నాకే బయల్దేరు, బిస్కెట్లతో సరిపెట్టొద్దు.

ఆ మెట్ల సంగతి మాత్రం నిజమైతే నిజమని, అబద్ధమైతే అబద్ధమని ఒక్క ముక్క రాయి. బొటనవేలు వద్దు.

ఇట్లు,
నాన్న

తా.క.: తేగలు ఉడకబెట్టినవే, రెండు రోజుల్లో తినేయి. సున్నుండలు పైన ఆరు మీ అమ్మ పెట్టింది, అడుగున కాగితంలో నాలుగు నేను పెట్టాను. స్టీలు డబ్బా మీ నాయనమ్మది, వచ్చేటప్పుడు తేవడం మర్చిపోకు.