ఫోటోలో కనిపించని జడలు

సంపాదకులకు నమస్కారం.

మా బరంపురానికి మీ పత్రిక మధ్యాహ్నానికి గానీ చేరదు. మొన్నటి ఆదివారం అనుబంధంలో ఏథెన్స్‌లోని ఎరెక్తియాన్ గుడి మీద వేసిన వ్యాసం మాత్రం రెండుసార్లు చదివాను. ముప్పై ఎనిమిదేళ్లు తాపీ పని చేసినవాణ్ణి. శిల్పశాస్త్రం తెలియదు గానీ బరువు ఎటు దిగుతుందో, ఏది ముందు పగులుతుందో చెప్పగలను.

కప్పును తలపై మోస్తున్న ఆ ఆరుగురు రాతి స్త్రీలు గ్రీకుల శత్రువులతో చేతులు కలిపిన కార్యే అనే ఊరివాళ్లని, అది వాళ్లకు పడిన శిక్ష అని రాశారు. ఆ కథ చెప్పిన రోమన్ వాస్తుకారుడు విట్రూవియస్, గుడి కట్టిన దాదాపు నాలుగు వందల ఏళ్ల తర్వాతివాడు. కట్టిన నాటి లెక్కల శాసనంలో వాళ్లను ‘కన్యలు’ అన్నారు, అంతే. శిక్ష పడిన మనిషి అలా నిలబడదు. చుట్టకుదురు మీద నిండు బిందెతో వచ్చే మా వీధి ఆడవాళ్ల నడక చూడండి, మెడ నిటారుగానే ఉంటుంది.

అసలు సంగతి ఆ మెడే. అంత బరువు కింద బొమ్మకు బలహీనమైన చోటు అది. అందుకే ఆ శిల్పి దట్టమైన జడలను మెడ వెనక నుంచి వీపు మీదికి దించాడు. ముందు నుంచి చూస్తే సన్నని మెడ, వెనక రాయి దండిగా ఉంటుంది. బరువు మోసే కాలి మీద చీర కుచ్చిళ్లలాంటి మడతలు స్తంభపు గాడుల్లా నిలువుగా దిగుతాయి.

పదేళ్ల కిందట గోపాల్‌పూర్ దారిలో ఒక కల్యాణ మండపానికి ఇలాంటివే నాలుగు సిమెంటు బొమ్మలు పోశాం. మెడ సన్నగా, జుట్టు ముడి వేసి ఉండాలన్నాడు యజమాని. కప్పును మోసేది వెనకనున్న స్తంభాలే కదా అని మెడలో 12 మి.మీ. చువ్వ ఒక్కటే పెట్టాం. నాలుగో వానాకాలానికి చెవి కింద ఎర్రటి చార దిగింది. వేలితో గీకితే పెచ్చు ఊడి తుప్పు రాలింది. సముద్రపు గాలి మరి! ఇప్పుడు పెళ్లిళ్లకు ఆ మెడలో బంతిపూల దండ వేసి పగులు కప్పుతున్నారు.

గ్రీకులూ రాళ్లను ఇనుప బందులతోనే బిగించారు, కానీ చుట్టూ సీసం పోశారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మరమ్మతు చేసినవాళ్లు ఒట్టి ఇనుము వాడితే అది తుప్పుపట్టి ఉబ్బి పాలరాయిని చీల్చింది. తర్వాత దాన్ని పీకి టైటానియం పెట్టాల్సి వచ్చింది. ఇది చదివినప్పుడు, నిజం చెప్పాలంటే, కాస్త ఊరట కలిగింది.

ఫోటో కింద ‘2,400 ఏళ్లుగా అక్కడే’ అన్నారు. అక్కడున్నవి నకళ్లు. ఒకామెను బ్రిటిష్ రాయబారి ఎల్గిన్ ప్రభువు తీసుకుపోయాడు, ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. తక్కిన ఐదుగురిని గాలి కాలుష్యానికి జడిసి 1979లో కిందికి దించారు. వాళ్లున్న ఏథెన్స్ అక్రోపోలిస్ మ్యూజియంలో ఆరో చోటు ఖాళీగా ఉంచారు. అక్కడ చుట్టూ తిరిగి వెనక వైపు కూడా చూడవచ్చట.

ఈసారి వెనక నుంచి తీసిన ఫోటో వేయండి. జడలు స్పష్టంగా కనబడాలి. మా కుర్ర మేస్త్రీలకు చూపించాలి.

– ఒక విశ్రాంత తాపీ మేస్త్రీ,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా